పడి, సెంటు, సవరను: మన ఇండ్లలోని కొలతల సంగతి

మా ఇంటి అటక మీద ఒక ఇత్తడి పడి ఉన్నది. అంచు ఒక చోట నొక్కుకొని పోయింది. ప్రక్కన సర్కారువారు వేసిన ముద్ర అరిగిపోయి, వ్రేలితో తడిమితే తగులుతుందే గాని కంటికి ఆనదు. మా అవ్వ ఉన్నన్నాళ్ళూ బియ్యం ఆ పడిలో పడకుండా కుండలోకి పోయేది కాదు. కొట్టులో ఎవరు ఎట్లా కొలిచి ఇచ్చినా సరే, ఇంటికి వచ్చాక ఆవిడ మళ్ళీ కొలుచుకొనేది. మొదటి పడికి "ఒకటి" అనదు, "లాభం" అంటుంది. ఆ తరువాతనే రెండు, మూడు.

మొన్న సెలవులకు వచ్చిన మా మనుమరాలు ఆ పడిని దించి, చింతపండు పెట్టి తోమి, నీళ్ళు నింపి, వంటింట్లోని లీటరు కొలతతో కొలిచి చూచింది. లీటరున్నర దాటి ఇంకా కొంచెం మిగిలింది. "తాతా, ఇది ఏ లెక్కకూ సరిగ్గా రాదే!" అన్నది. ఏ లెక్కకూ రాని ఆ పడితోనే ఈ ఇంట్లో నాలుగు పెండ్లిండ్లకు బియ్యం కొలిచారమ్మా అన్నాను. తరువాత కూర్చుని ఆలోచిస్తే, ఆ పిల్ల మాటలోనూ, నా మాటలోనూ న్యాయం ఉన్నట్లే తోచింది. ఈ నెల దానిని గురించే పాఠకులతో నాలుగు మాటలు.

మనం తరతరాలుగా రాజపాళయంలో ఉంటున్నవారం. ఇంట్లో తెలుగు, వీధిలో అరవం. కొలతలలో కూడా మనకు అట్లే రెండు భాషలు ఉండేవి. పెద్దల నోట గిద్ద, సోల, తవ్వ, మానిక, కుంచం, తూము, పుట్టి వినబడేవి. అంగడికి పోతే ఆళాక్కు, ఉళక్కు, పడి, మరక్కాలు, కలం. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, నాలుగు మానికలు ఒక కుంచం, నాలుగు కుంచాలు ఒక తూము, ఇరవై తూములు ఒక పుట్టి. అంగడి లెక్కలో ఎనిమిది ఆళాక్కులు ఒక పడి, ఎనిమిది పడులు ఒక మరక్కాలు, పన్నెండు మరక్కాళ్ళు ఒక కలం. చూడండి, రెండింటిలోనూ రెండు, నాలుగు, ఎనిమిదే ముఖ్యం. చేతిలో ఉన్న దానిని సగం చేయడం, ఆ సగాన్ని మళ్ళీ సగం చేయడం: ఇదీ మన పూర్వుల గణితం. చింతపండు ముద్దనైనా, బెల్లపు అచ్చునైనా కత్తి పెట్టి సగం చేయగలం గాని, పది సమభాగాలు చేయమంటే ఎవరి తరం? పదహారవ వంతును తెలుగులోనూ తమిళంలోనూ ఒకే మాటతో వీసం అన్నారు. రూపాయిలో అణా వీసమే గదా.

కనుక పాత లెక్క తెలివితక్కువ లెక్క కాదు. దాని దోషం వేరే ఉన్నది. పేరు ఒకటే, పరిమాణం ఊరికొకటి. ఒక ఊరి పడి మరొక ఊరి పడి కాదు. ఒకే ఊళ్ళో కూడా తలగొట్టి కొలిచే పడి ఒకటి, గోపురంగా పోసి కొలిచే పడి ఒకటి. కొనేటప్పుడు గోపురం, అమ్మేటప్పుడు తలగొట్టు. మధ్య ఉన్న గుప్పెడు గింజలలోనే కొందరి వ్యాపారం గడిచిపోయేది. వీశె అంటే ఐదు సేర్లు, నలభై పలాలు, అనగా 120 తులాలు. నేటి లెక్కలో సుమారు 1400 గ్రాములు. ఎనిమిది వీశెలు ఒక మణుగు. ఇది మన మదరాసు రాజధాని మణుగు, సుమారు ఇరవై అయిదు పౌనులు. ఉత్తరాది మణుగు నలభై సేర్లు, ఎనభై రెండు పౌనులు దాటుతుంది. ఒక మణుగుకు ఇంకొక మణుగు మూడింతలన్న మాట! జాబులో "పది మణుగులు పంపండి" అని వ్రాసిన వర్తకుడు ఏ మణుగో వ్రాయకపోతే వ్యవహారం కోర్టుకు ఎక్కవలసిందే.

మన ఊరివారికి ఈ చిక్కు బాగా తెలిసిన చోటు దూది. పి.ఎ.సి. రామస్వామి రాజాగారు 1936లో రాజపాళయం మిల్లు స్థాపించిన నాటి నుండి ఈ ఊరికి దూది బేరం నిత్యవ్యవహారం అయింది. దూది ధర కండీకి ఇంత అని చెబుతారు. మదరాసు కండీ ఇరవై మణుగులు, అనగా 500 పౌనులు. బొంబాయి దూది కండీ 784 పౌనులు. కడకు నిలిచినది బొంబాయి కండీయే. నేటికీ దేశంలో చాలాచోట్ల దూది ధరను 356 కిలోల కండీకే చెబుతున్నారు. ఎవరైనా క్రొత్తవారు ఆ 356 ఎక్కడి నుండి వచ్చిందని అడిగితే మిల్లులో సగం మంది చెప్పలేరు. 784 పౌనులను కిలోలలోకి మార్చి చూడండి, దొరుకుతుంది. నూలు నెంబరు సంగతీ అంతే. నలభై నెంబరు నూలు అంటే 840 గజాల చిలపలు నలభై కలిస్తే ఒక పౌను తూగుతుందని అర్థం. అనగా ఒక పౌను దూదిలో 33,600 గజాల దారం. వెయ్యి మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగితే అన్ని టెక్సులు అనే చక్కని క్రొత్త లెక్క వచ్చి ఎన్నో ఏండ్లయినది. ఆ లెక్కలో నలభై నెంబరు దాదాపు 14.8 టెక్సు. పుస్తకాలలో ఉన్నది. మిల్లు వాకిట ఎవరినైనా అడగండి, "నలభై" అనే అంటారు.

దేశమంతటికీ ఒకే కొలత ఉండాలన్న మాట క్రొత్తది కాదు. 1871లోనే మేయో ప్రభువు కాలంలో ఒక చట్టం చేశారు. ఫ్రాన్సువారి కిలోగ్రామును "సేరు" అని పేరు పెట్టి, దానినే దేశమంతటా వాడాలన్నారు. ఆ చట్టం కాగితం మీదనే ఉండిపోయింది. ఆ తరువాత 1939లో తులానికి 180 గ్రెయిన్లు, సేరుకు ఎనభై తులాలు అని కట్టడి చేశారు. 1930 ప్రాంతాన కలకత్తాలో ఫణీంద్రనాథ్ సేఠ్ మొదలైనవారు దశాంశ సంఘం ఒకటి పెట్టి, పదుల లెక్క రావాలని ఏండ్ల తరబడి వాదించారు. వారి కోరిక స్వరాజ్యం వచ్చాక తీరింది. 1955లో నాణెముల చట్టం సవరించి, 1957 ఏప్రిల్ 1 నుండి రూపాయికి నూరు నయాపైసలు చేశారు. 1956 డిసెంబరులో తూనికలు కొలతల చట్టం చేసి, 1958 అక్టోబరు 1 నుండి కిలోగ్రామును అంచెలంచెలుగా ప్రవేశపెట్టారు. 1962కు అది తప్పనిసరి అయింది.

1957లో నాకు పది ఏండ్లు. నయాపైసను మొదట చూచినప్పుడు మాకు కలిగిన భావం గౌరవం కాదు, జాలి. అంత చిన్న బిళ్ళను డబ్బు అంటే ఎట్లా నమ్మడం? రెండు నయాపైసల బిళ్ళకూ, పది నయాపైసల బిళ్ళకూ అంచు పూరేకుల వలె ఉండేది, అయిదుది చదరం. చీకటిలో తడిమి పోల్చుకొనడానికి ఆ ఏర్పాటని బడిలో మాష్టారు చెప్పారు. అసలు చిక్కు లెక్కలో వచ్చింది. అణాకు ఆరుంబావు నయాపైసలు. పావును ఎవరిస్తారు? కనుక అణాకు ఆరు, రెండణాలకు పన్నెండు, మూడణాలకు పంతొమ్మిది, పావలాకు ఇరవై అయిదు అని పట్టిక వేసి గోడలకు అంటించారు. మా పిల్లలందరం మూడు రోజులలో కనిపెట్టిన సంగతి ఏమంటే, నాలుగు అణాలను విడివిడిగా మార్చితే ఇరవైనాలుగే వస్తాయి, ఒకేసారి మార్చితే ఇరవై అయిదు. ఆ ఒక్క నయాపైస ఎక్కడికి పోయింది? కొట్టు పెట్టెలోకి. వేరుసెనగ అచ్చు కొనడానికి నలుగురం డబ్బులు కలిపి ఒక్కడినే పంపడం అప్పుడు నేర్చుకొన్నాం. మా అవ్వ మాత్రం ఇంకొక ఆరేడేండ్లు అణాలలోనే లెక్క చెప్పింది. 1964లో "నయా" అన్న మాట తీసివేశారని విని, "పోనీ, అదైనా పాతబడింది" అన్నది.

అణా పోయిందంటారా? అర్ధరూపాయి బిళ్ళను "ఎనిమిదణాలు" అనడం ఆ బిళ్ళ అంగళ్ళలో కనబడినన్నాళ్ళూ పోలేదు. పావలా బిళ్ళ 2011 జూను ఆఖరుతో చెల్లుబాటు కాకుండా పోయింది. అప్పటికి అణా పోయి యాభై ఏండ్లు దాటింది. ఇక "పదహారణాల తెలుగు" అన్న మాట ఉండనే ఉన్నది. నూరు పైసల తెలుగు అని ఎవరైనా అంటే మనమే నవ్వుతాం.

కిలో మాత్రం గట్టిగా నిలబడింది. ఎందుకంటారా? నాకు తోచిన కారణం ఇది. చట్టం పదులలో చెప్పినా, కొట్టులో జనం సగాలను వదలలేదు, కొట్టువాడు వద్దనలేదు. "అరకిలో", "పావుకిలో" అన్న మాటలు మొదటి ఏడే పుట్టాయి. పావుకిలోకు రెండు వందల గుండు ఒకటి, యాభై గుండు ఒకటి కలిపి వేయాలి; అయినా అడిగేవారు పావే అడుగుతారు. కొలత మారింది, చేతి అలవాటు మారలేదు. ఆ సందు లేకపోతే 1871 నాటి చట్టం గతే దీనికీ పట్టి ఉండేదేమో. ఫ్రాన్సువారే ఇందుకు సాక్షి. మీటరును, కిలోగ్రామును లోకానికి ఇచ్చిన ఆ దేశమే 1793లో రోజుకు పది గంటలు, గంటకు నూరు నిమిషాలు అని శాసించి, 1795లోనే ఆ శాసనాన్ని ప్రక్కన పెట్టివేసింది. ఇరవైనాలుగును సగం చేయవచ్చు, మూడో వంతు చేయవచ్చు, పావు చేయవచ్చు. పదిలో మూడో వంతు ఏదీ?

బియ్యం సంగతి మరీ చిత్రం. ఇక్కడ మారినది పేరు కాదు, పద్ధతే మారింది: కొలిచి అమ్మే దానిని తూచి అమ్మమన్నారు. చట్టం 1962లో పూర్తిగా అమలులోకి వచ్చింది. అయిదేండ్ల తరువాత, 1967 ఎన్నికలలో ఈ రాష్ట్రమంతా మారుమ్రోగిన వాగ్దానం ఏమిటి? రూపాయికి మూడు పడుల బియ్యం! గెలిచిన తరువాత అణ్ణాదురైగారి ప్రభుత్వం మదరాసు, కోయంబత్తూరులలో రూపాయికి ఒక పడి చొప్పున ఇచ్చింది. చట్టంలో లేని కొలతతో ప్రభుత్వమే ఏర్పడిందన్న మాట. అదే 1983లో ఆంధ్రదేశాన రామారావుగారి వాగ్దానం కిలో రెండు రూపాయలు. ఈ మాట రాజకీయం కోసం చెప్పడం లేదు. జనం ఆశ ఏ కొలతలో పలుకుతుందో అదే ఆనాటి నిజమైన కొలత. ఆ పదహారేండ్లలో ఎప్పుడో ఒకనాడు పడి మన నోటి నుండి జారిపోయింది. వంటింట్లో మాత్రం ఇంకా జారలేదు. ఇడ్లీకి నాలుగు ఆళాక్కులకు ఒక ఆళాక్కు మినుములు అంటే కోడలికి తెలుస్తుంది. గ్రాములలో చెబితే ఫోను తీసి చూస్తుంది.

అదే 1957లో మరొక సంస్కరణ కూడా వచ్చిందని చాలామందికి గుర్తుండదు. మేఘనాథ్ సాహాగారి అధ్యక్షతన 1952లో ఏర్పడిన పంచాంగ సంస్కరణ సంఘం చెప్పిన ప్రకారం, ఆ ఏడు మార్చి 22న జాతీయ శక పంచాంగం మొదలయింది. సాహాగారు అంతకు ముందటి ఏడే పోయారు. మన పంచాంగపు సంవత్సరం డెబ్బది రెండేండ్లకు ఒక రోజు చొప్పున ఋతువులకు వెనుకబడుతున్నదని వారు చెప్పినది నిజమే. సూర్యుడు ఉత్తరానికి మళ్ళేది డిసెంబరు 21, 22లలో. మనం సంక్రాంతి చేసేది జనవరి 14, 15లలో. శాస్త్రం అంతా వారి ప్రక్కనే ఉన్నది. అయినా ఆ పంచాంగం గెజెట్టులోనూ, రేడియోలోనూ తప్ప ఎవరి ఇంటి గోడకూ ఎక్కలేదు. ప్రక్కవీధివారికి చిత్తిరై మొదటి తేదీ ఉగాది, మనకు చైత్ర శుద్ధ పాడ్యమి; ఈ తేడాతోనే మనం మనమని తెలుసుకొంటున్నాం. పండుగను తూకపు గుండుతో మార్చడం ఎవరి వల్లా కాదు.

ఇంతవరకు చెప్పినది ముచ్చట. ఇక ముచ్చట కానిది చెప్పాలి.

సుమారు ఇరవై ఏండ్ల క్రితం మా బంధువులలో ఒక పెద్దమ్మ, భర్త పోయినవారు, మనుమరాలి చదువు కోసం ఊరి వెలుపలి కొబ్బరితోటను అమ్మదలచారు. సెంటు ఇంత అని ధర కుదిరింది. బేరం కుదిర్చిన మనిషి పట్టా చూచి, "విస్తీర్ణం 0.40.5 అని ఉన్నదమ్మా, నలభైన్నర సెంట్లు" అన్నాడు. ఆవిడ తమిళం చదవగలరు, అంకెలూ చదవగలరు. కాగితంలో నలభైన్నర అనే ఉన్నది. "మా మామగారు ఎకరా అనేవారే" అన్నారట. "రోడ్డుకు పోయి ఉంటుంది, కొలతలో తగ్గి ఉంటుంది" అన్నాడు ఆ మనిషి. సరే అని బయానాకు రోజు పెట్టుకొన్నారు.

ముందు రాత్రి పదో తరగతి చదివే మనుమడు కాగితాలు తిరగవేస్తూ, "అవ్వా, ఇది సెంటు కాదు, ఏర్" అన్నాడు.

"ఏర్ అంటే ఏమిటప్పా?"

"నూరు చదరపు మీటర్లు. నూరు ఏర్లు ఒక హెక్టేరు. ఒక ఏరుకు రెండున్నర సెంట్లు దగ్గర దగ్గర. నలభైన్నర ఏర్లంటే నూరు సెంట్లు. మన తోట ఎకరాయే, ఎక్కడికీ పోలేదు."

పాత దస్తావేజు తీసి చూస్తే ఒక ఎకరా అని స్పష్టంగా ఉన్నది. హద్దులు చెప్పి వ్రాసే విక్రయపత్రంలో తోట మొత్తం పోయేది. డబ్బు మాత్రం నలభైన్నర సెంట్లకే వచ్చేది. ఆ మనిషి తెలిసి చెప్పాడో, తెలియక చెప్పాడో నేను చెప్పలేను. ఆ పెద్దమ్మ ఆ రాత్రి నిద్రపోలేదని మాత్రం తెలుసు. "నాకు చదువు రాకపోయినా బాగుండేది, మామగారి మాటనే పట్టుకొని ఉందును" అన్నారు తెల్లవారి.

మన రాష్ట్రంలో పట్టా హెక్టేరు, ఏర్ లెక్కలో ఉంటుంది. మన నోట సెంటు ఉంటుంది. సెంటు పోకపోవడానికి కారణం ఉన్నది, అది అప్పటికే నూరు భాగాల లెక్క; ఎకరాలో నూరవ వంతు, 435.6 చదరపు అడుగులు, 40.47 చదరపు మీటర్లు. పోవలసిన పని కూడా లేదు. ఆంధ్ర ప్రభుత్వమే 2020లో ఇండ్ల స్థలాలు ఇచ్చినప్పుడు పల్లెలో సెంటున్నర, పట్టణంలో ఒక సెంటు అనే చెప్పింది. అపాయమల్లా, కాగితం ఒక భాషలో, నోరు మరొక భాషలో ఉండి, మధ్య అంకె మాత్రం ఒకటే ఉండడంలో ఉన్నది.

బంగారంలోనూ ఇదే. మనకు సవరను, అనగా ఎనిమిది గ్రాములు. కోస్తాలో మనవారు కాసు అంటారు, అదీ ఎనిమిదే. హైదరాబాదు వైపు పోతే తులం. అసలు తులం 11.66 గ్రాములు, ఇప్పుడు చాలా అంగళ్ళలో పది గ్రాములకే తులం అంటున్నారు. మాకు తెలిసిన ఒక ఇంట, పుట్టింటివారు అమ్మాయికి "ఇరవై" పెడతామన్నారు. వీరి మనసులో సవరనులు, అనగా 160 గ్రాములు. వియ్యాలవారి మనసులో తులాలు, అనగా 200 గ్రాములు. ఇరువైపులా అబద్ధం ఆడినవారు లేరు. అయినా ఆ నలభై గ్రాముల మాట ఆ అమ్మాయి చెవిని చాలా ఏండ్లు పడుతూనే ఉన్నది.

అందుచేత సంఘంలోని కుటుంబాలకు నా మనవి ఇది. మాటలో సవరను, సెంటు, ఆళాక్కు హాయిగా ఉండనివ్వండి. కాగితం మీద మాత్రం ప్రక్కనే గ్రాము, చదరపు మీటరు వ్రాయండి. నగల పట్టీలో ప్రతి నగకూ గ్రాములు, రాళ్ళ తూకం వేరుగా, బంగారం ఎన్ని క్యారెట్లో వేరుగా వ్రాయించండి. భాగపంపకాల కాగితంలో సర్వే నెంబరు, హెక్టేరు–ఏర్, దాని ప్రక్కన సెంట్లు, మూడూ ఉండాలి. రెండు లెక్కలు ఒకదానితో ఒకటి సరిపోతున్నవో లేదో ఇంట్లో బడికి పోయే పిల్లల చేత చేయించి చూడండి. వారికి ఇది అయిదు నిమిషాల పని. వంటకాలు వ్రాసి పంపే అమ్మలు కూడా "ఒక ఆళాక్కు" అన్నప్పుడు ఎన్ని మిల్లీలీటర్లో ఒకసారి నీళ్ళు పోసి కొలిచి వ్రాస్తే, అమెరికాలో ఉన్న కోడలికి ఇడ్లీ రాయి కాకుండా ఉంటుంది.

1957లోనే మన దేశం మీటరు ఒప్పందంలో చేరింది. మన వంతుకు వచ్చిన 57వ నెంబరు కిలో గుండు ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో ఉన్నది. 2019 మే 20 నుండి కిలోకు ప్రమాణం ఏ గుండూ కాదు, ప్రకృతిలోని ఒక స్థిరాంకం. అంత దూరం మనం పోనక్కరలేదు గాని, మన ఇండ్ల అటకల మీద ఉన్న పడులు, మరక్కాళ్ళు, సోలలు, వీశె గుండ్లు పాత సామానువాడి సంచిలోకి పోకముందే ఒక పని చేయవచ్చు. వాటి మీద ముద్ర చదవగలిగితే చదివి, నీళ్ళు పోసి కొలిచి, లేదా తూచి, మీ ఇంట్లో దానిని ఏ పేరుతో పిలిచేవారో వ్రాసి సంఘానికి పంపండి. మా పడి లెక్క మా మనుమరాలు అప్పుడే ఒక కార్డు మీద వ్రాసి దాని లోపల వేసింది. అంచు నొక్కును కూడా లెక్కలో వేసుకొన్నానని క్రింద గమనిక పెట్టింది.